పన్నెండు డబ్బాల గంగస్నానం

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టే అర్హత నాకింకా రాలేదని మా ఇంట్లోవాళ్లు అంటారు. నిజమే, జుట్టు చెవుల దగ్గర మాత్రమే నెరిసింది, మోకాళ్లు ఇప్పటికీ పేచీ పెట్టకుండా మెట్లెక్కుతున్నాయి. అయినా ఆ రోజుల్లోని నన్ను తలుచుకుంటే అతనెవరో పక్కూరి మనిషిలా కనిపిస్తాడు. నుదుట దూరం నుంచి కూడా కనిపించే బొట్టు, చొక్కా జేబులో స్క్రూడ్రైవరు, దాని పక్కనే చిన్న నామాల పుస్తకం, ముఖంలో మాత్రం లోకంలో తనకు తెలియనిదేమైనా ఉంటే అది తెలుసుకోవాల్సినంత ముఖ్యమైనది కాదన్న ధీమా. వాకాడు దగ్గర సముద్రం ఒడ్డున మాది చేపలు పట్టే ఊరు. ఏడేళ్లకే భజన మందిరంలో నా చేతికి తాళాలిచ్చారు. పన్నెండేళ్లకు పురాణం చదివే పీట మీద కూర్చోబెట్టారు. మందిరంలో కరెంటు పోయినా నా పురాణం ఆగేది కాదు, ఎందుకంటే నేను పుస్తకం చూడనక్కర్లేదు, అంతా నోటికే వచ్చు. (అర్థం అడిగిన వాళ్లెవరూ లేకపోవడం నా అదృష్టం.)

ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా అయ్యాక కృష్ణపట్నంలో ఓ చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. పడవలకూ ఓడలకూ రేడియోలు, దిక్సూచులు అమర్చి, అవి పనిచేస్తున్నాయో లేదో పరీక్ష చేసే పని. నా పైన ఒక పెద్ద సారు ఉండేవారు. ఏం అడిగినా ‘మాన్యువల్ చదివినావా?’ అనే జవాబిచ్చేవారు కాబట్టి మేమంతా ఆయన్ను మాన్యువల్ సారు అనుకునేవాళ్లం. నేను చేరిన కొత్తలోనే ఆయన నా ముందు ఒక పసుపు డబ్బా పెట్టారు. మరచెంబు అంత ఉంది, నెత్తిన పిలకలాగా చిన్న ఏరియలు, పడవ గోడకు బిగించడానికి ఒక ప్లాస్టిక్ పీట. పడవ మునిగేటప్పుడు ఇది ఆకాశంలోని ఉపగ్రహానికి కబురు పంపుతుందనీ, ఉపగ్రహం ఒడ్డున ఉన్న రక్షణ కేంద్రానికి చెబుతుందనీ, వాళ్లు వెంటనే పడవేసుకుని బయలుదేరతారనీ చెప్పి, చిన్న పుస్తకం చేతిలో పెట్టి, ‘రేపటికి చదువుకొని రా’ అన్నారు. నేను తెల్లారే స్నానం చేసి, తూర్పు ముఖంగా కూర్చుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ముమ్మారు పారాయణం చేశాను. ‘పరీక్ష బటన్ నొక్కితే డబ్బా కబురు పంపకుండానే తన్ను తాను పరీక్షించుకొని, అంతా బాగుంటే పచ్చలైటు వెలిగించును. పీటలో ఉన్నంతసేపు తడిసినా కబురు పంపదు. పీట నుంచి వేరై నీట మునిగినచో తనంతట తానే పంపును, తెల్లని దీపము ఆగి ఆగి వెలుగును.’ మరునాడు ఇదంతా సారు ముందు రాగయుక్తంగా అప్పజెప్పాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను కాసేపు చూశారు. ‘బాగానే పాడినావు’ అన్నారు. నేను దాన్ని మెప్పు అనుకున్నాను.

ఆ డబ్బాలు పన్నెండు మా ఊరి పడవలకే వచ్చాయి. వాటిని పరీక్షించి బిగించే పని నేనే అడిగి తీసుకున్నాను. అందుకు కారణం మా అమ్మ. నేను డిప్లొమా రెండో ఏడాదిలో ఉండగా మా నాయన పడవ ఇంజను సముద్రం మధ్యలో ఆగిపోయింది. మూడు రోజులు గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోయి, చివరికి వేరే ఊరి పడవవాళ్ల కంటబడి ఒడ్డు చేరాడు. ఆ మూడు రోజులూ అమ్మ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆ తర్వాత కూడా నాయన సముద్రం మీదున్న రోజుల్లో ఒంటిపూట మొక్కు పట్టింది. ఆయన పడవ ఒడ్డు తాకితేనే ఆమె ఆ రోజు అన్నం. నాయన వేటకు పోని రోజులు తక్కువ. అమ్మ ఎలా సన్నబడిపోయిందో నాకు కనిపిస్తూనే ఉంది. నాయన పడవకి ఈ డబ్బా ఉంటే ఆమె మధ్యాహ్నం నాలుగు ముద్దలు తింటుందని నా ఆశ. కానీ నాయన అడ్డంగా తల ఊపాడు.

‘ఆ రోజు నన్ను ఒడ్డుకి తెచ్చింది గంగమ్మ. ఇప్పుడు ఈ డబ్బా కట్టుకొని పోతే, నీ మీద నాకు నమ్మకం లేదమ్మా అని ఆ తల్లి మొహాన చెప్పినట్టు గాదా? పురాణం చదివేవోడివి, నువ్వే చెప్పు.’

నోటికి వచ్చిన పురాణమంతా మనసులో వెతుక్కున్నాను. పుస్తకంలో లేని ప్రశ్న నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు.

ఊరివాళ్లని ఒప్పించడం ఇంకో తలనొప్పి. భజన మందిరంలో అందరినీ కూర్చోబెట్టి, పురాణం చెప్పే పీట మీదే డబ్బా పెట్టి, మొసలి నోట చిక్కిన ఏనుగు మొరపెట్టుకుంటే స్వామి ఉన్నవాడు ఉన్నట్టు పరుగెత్తుకొచ్చిన కథతో మొదలుపెట్టాను. మా ఊరి పెద్ద నాకు వరసకు మామ. ఏ మాట విన్నా ‘అయితే’ అని ఎదురు ప్రశ్న వేస్తాడు కాబట్టి అయితే మామ అని పేరు. పరీక్ష బటన్ నొక్కి పచ్చలైటు చూపించాను. ఆయన ముందుకు వంగి చూశాడు.

‘అయితే, లైటు ఎలిగింది. పైన ఎవరన్నా ఇన్నారా?’

‘ఇది పరీక్షే మామా. పైకి పోదు. లోపల అంతా బాగుందని చెప్తాది, అంతే.’

‘లైటు ఎలిగేదానికేముందబ్బయ్యా, నా టార్చిలైటు గూడా ఎలగతాది. అయితే, అసలుది ఒకసారి నొక్కు. ఎవరొస్తారో చూద్దాం.’

‘అట్టా నొక్కకూడదు మామా, తప్పు.’

‘నొక్కకూడదంట, నొక్కకపోతే తెలీదంట!’ అని ఆయన జనం వైపు తిరిగాడు. ‘మీ ఏనుక్కి గూడా ఉండిందా అబ్బయ్యా, ఈ పరీక్ష బటను?’

మందిరమంతా నవ్వింది. మా నాయన కూడా నవ్వాడు. చివరకు అయితే మామే, నా ముఖం చూసి జాలిపడ్డాడేమో, ఒక దారి చూపించాడు. ‘సరే, ముందు గంగస్నానం కానీ. ఆ తల్లి ఏమంటాదో చూద్దాం. ఆనక కట్టుకునేది లేనిది మాట్లాడుకుందాం.’

గంగస్నానం మా ఊరి ఆచారం. కొత్త వల కానీ, తెడ్డు కానీ, ఇంజను కానీ, సముద్రం మీదకి పోయే ఏ వస్తువైనా ముందు ఒడ్డున ఉన్న గంగమ్మ గుడి దగ్గర ఉప్పునీళ్లతో స్నానం చేయాలి, పసుపు కుంకుమలు పెట్టించుకోవాలి. మన చేత్తో మనమే ముందుగా ఆమె నీళ్లు తాకిస్తే, ఆ తర్వాత ఆమె తనంతట తాను దాన్ని లాక్కోదని నమ్మకం. (కొత్త ఇంజను మీద మావాళ్లు ఉప్పునీళ్లు పోస్తుంటే నెల్లూరు నుంచి వచ్చిన మెకానిక్ ఒకాయన నెత్తిన చేతులు పెట్టుకుని ఇసుకలో కూలబడిపోవడం నా కళ్లారా చూశాను.) నాకు ఆ మాటలో వంక పెట్టాల్సిందేమీ కనిపించలేదు. పైగా, ఆ కార్యం నా చేతుల మీదుగానే జరగాలని ముచ్చటపడ్డాను.

శుక్రవారం పొద్దున్నే ఊరంతా గుడి దగ్గర చేరింది. ఆ రోజు వేట లేదు. భజన అంటే సెల్‌ఫోన్లు బయటే వదలాలని మా మందిరం నియమం. గుడి బయట మా అవ్వ చెప్పులకూ ఫోన్లకూ కాపలా కూర్చుంది, ఒళ్లో ఫోన్ల గంప. పన్నెండు పడవల యజమానుల ఫోన్లూ అందులోనే. డబ్బాలు రిజిస్టరు చేసేటప్పుడు, ఆపద వస్తే ముందుగా ఎవరికి ఫోన్ చేయాలనే చోట నేను రాయించినవి సరిగ్గా ఆ నంబర్లే. లోపల పెద్ద ఇత్తడి గంగాళం నిండా సముద్రపు నీళ్లు పోశారు. నేను మడి కట్టుకుని, డబ్బాలను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాను. ప్రతిదానికీ గోడకు బిగించే ప్లాస్టిక్ పీట ఉంది కదా, ఆ పీట అడ్డంగా ఉంటే వెనకవైపు పసుపు అంటదనిపించింది. పన్నెండింటినీ పీటల నుంచి ఊడదీశాను. పన్నెండింటినీ గంగాళంలో నిలబెట్టాను.

చదివేవాళ్లకు ఇక్కడ ఒక అనుమానం రావాలి. మాన్యువల్ అంతా నోటికి వచ్చిన మనిషికి, అందులోని మాట ఒక్కటి కూడా ఆ నిమిషంలో గుర్తురాలేదా అని. గుర్తుంది. అడిగితే అప్పుడు కూడా రాగం తీసి చెప్పేవాణ్ని. కానీ ఆ పుస్తకంలో రాసింది నీళ్ల గురించి. నేను డబ్బాలను ముంచింది నీళ్లలో కాదు, తీర్థంలో. ఆ రెండూ ఒకటేనన్న సంగతి నాకు తట్టనే లేదు, ఇప్పుడు ఎంత సిగ్గుపడినా నిజం అదే.

భజన అందుకుంది. కాసేపటికి గంగాళంలో ఒక డబ్బా నెత్తిన తెల్లని వెలుగు తళుక్కుమంది. తర్వాత ఇంకొకటి. చూస్తుండగానే పన్నెండూ ఒకటి ఆరితే ఒకటిగా మెరవడం మొదలుపెట్టాయి. గర్భగుడి గోడల మీద, అమ్మవారి ముక్కుపుడక మీద, పసుపునీళ్ల మీద ఆ వెలుగు ఆడుతోంది. తర్వాత ఎవరో ఆడమనిషి, ‘అమ్మ పలికిందే!’ అని కేక వేసింది. అంతే, గుడి దద్దరిల్లిపోయింది. అయితే మామ రెండు చేతులూ ఎత్తి మొక్కాడు, ఆ రోజు మొదటిసారి ఆయన నోట ‘అయితే’ రాలేదు. ఇక ఆపద కబుర్ల డబ్బాలు పరీక్షించే ఉద్యోగి, డిప్లొమా పాసైనవాడు, నేనేం చేశానంటే, కళ్ల వెంట నీళ్లు కారుతుండగా తాళాలు ఇంకా గట్టిగా వాయించాను.

బయట గంపలో ఫోన్లు మోగడం మొదలైంది. ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి, తర్వాత అన్నీ. అవ్వ చాలాసేపు పట్టించుకోలేదట. చివరికి చికాకు పుట్టి, పైన కనిపించిన ఫోను తీసి పచ్చగుర్తు నొక్కింది. ఆ సంభాషణ తర్వాత ఆమె నోటే కొన్ని వందలసార్లు విన్నాం.

‘అమ్మా, ఇది రక్షణ కేంద్రం. మీ పన్నెండు పడవలు ఆపదలో ఉన్నట్టు కబురొచ్చింది. మనుషులంతా ఎక్కడున్నారు?’

‘అందరూ భజనలో ఉండారు నాయనా.’

‘భజనలోనా? అమ్మా, ఇది చాలా ముఖ్యం, ఎవరినైనా పిలవండి...’

‘భజన కంటే ముఖ్యమేంది? గమ్మున ఉండి, హారతి అయినాక చెయ్యి’ అని పెట్టేసింది. మిగతా పదకొండు ఫోన్ల మీదా తన కొంగు కప్పి, వాటి గోల గుడిలోకి వినపడకుండా వాటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

పన్నెండు పడవలు ఒకేచోట మునుగుతున్నాయి, పన్నెండుమంది యజమానుల్లో ఒక్కరూ ఫోన్లోకి రావడం లేదు. రక్షణ కేంద్రం వాళ్లు ఏమనుకుని ఉంటారో మీరే ఊహించండి. హారతి కళ్లకద్దుకుని మేం బయటికి వచ్చేసరికి అలల మీద బూడిదరంగు గస్తీ పడవ ఒకటి ఒడ్డుకేసి దూసుకొస్తోంది. దాని మీద నారింజరంగు జాకెట్ల మనుషులు. మోకాళ్ల లోతు నీళ్లలోకి దూకి, స్ట్రెచరు భుజాన వేసుకుని ఇసుకలో పరుగెత్తుకుంటూ వచ్చారు. ముందున్న ఆఫీసరు రొప్పుతూ అరిచాడు.

‘మునిగినవాళ్లు ఎక్కడ? ఎంతమంది?’

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అయితే మామ ఒకసారి వెనక్కి తిరిగి గుడిలోకి చూశాడు. ఆయన చూపుడువేలు నెమ్మదిగా గంగాళం వైపు లేచింది.

‘మునిగినవి ఇయ్యే సార్. పన్నెండు.’

ఆఫీసరు బూట్లు విడిచి లోపలికి వెళ్లాడు. పసుపు కుంకుమలతో, మెడలో కనకాంబరాలతో, ఒక్కో డబ్బా నెత్తిన దీపంతో ఆ పన్నెండూ ఆయన్ని చూసి తళుక్కు తళుక్కుమన్నాయి. (హారతి కర్పూరం వాసన ఇంకా పోలేదు.) ఆయన నవ్వలేదు. ‘వీటిని ఇక్కడ పెట్టిందెవరు?’ అన్నాడు. అప్పుడు, సరిగ్గా అప్పుడు, మాన్యువల్‌లోని ఆ వాక్యం నాకు జీవితంలో మొదటిసారి అర్థమైంది.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. ‘మేం ఈ వైపు పరుగెత్తుకొస్తుంటే, అటు నిజంగా ఒక పడవ మునిగి ఉంటే? వాళ్ల ఇంట్లోవాళ్లకి నువ్వు చెప్తావా జవాబు?’ అన్నాడు. ఊరంతా నిలబడి ఉంది. మా అమ్మ నా వైపు చూడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉద్యోగం పోయిందని తెలిసిపోయింది. దానికంటే, నాయన పడవకి ఇక జన్మలో డబ్బా ఎక్కదని తెలిసిపోయింది. నేను చేతులు జోడించి, తప్పు నాదే సార్ అన్నాను.

అప్పుడు మా నాయన జనంలోంచి ముందుకొచ్చాడు.

‘సార్, మీకెవురు చెప్పినారు?’

‘ఇవే చెప్పాయి పెద్దాయనా. ఉపగ్రహం నుంచి మా కేంద్రానికి వచ్చింది.’

‘మేం ఈడ ఉండామని గూడానా?’

‘ఈ గుడి దాకా చూపించింది.’

‘ఎంతసేపు పట్టింది మీకు వొచ్చేదానికి?’

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. ‘దగ్గర్లోనే గస్తీలో ఉన్నాం. గంట కూడా కాలేదు.’

నాయన గంగాళం దగ్గరికి వచ్చాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. ‘మూడు దినాలు అరిసినా సార్, నడిసముద్రంలో. గొంతు పూడుకుపోయింది. రెండో దినం నించి పెదాలే ఆడినాయి, అరుపు రాలేదు. ఆ తల్లి ఇనింది, కాదనను. ఇనింది కాబట్టే ఈడ నిలబడుండా. అయినా నా గొంతు ఎంత దూరం పోతాది సార్? దీని గొంతు పైదాకా పోతా ఉండాది.’ నాయన నా వైపు తిరిగాడు. ‘అబ్బయ్యా, నా పడవది ఇందులో ఏది?’

నేను చూపించాను. ఆయన పైపంచెతో దాన్ని తడి లేకుండా తుడిచాడు, పసిబిడ్డ తల తుడిచినట్టు. ఆఫీసరు దాన్ని అందుకుని స్విచ్ తిప్పాడు. దీపం ఆరిపోయింది. మిగతావి కూడా ఆపించి, తన కేంద్రానికి రేడియోలో అంతా క్షేమమని చెప్పాడు. పోతూ పోతూ మా అవ్వ ముందు ఆగి, ‘అమ్మా, హారతి అయిందా? ఇప్పుడు చెయ్యొచ్చా ఫోను?’ అన్నాడు. ఆయన నవ్వడం అదే మొదలు. అవ్వ ఆయన చేతిలో చిటికెడు ప్రసాదం పెట్టి, ‘ఇంక దేనికిలే నాయనా, మడిసే వొచ్చేసినాడు’ అంది.

ఉద్యోగం పోలేదు. మాన్యువల్ సారు నన్ను ఎదురుగా నిలబెట్టి, కళ్లజోడు తుడుచుకున్నారు. ‘నీకు చదవడం బాగా వచ్చు. ఇప్పుడు రాయి’ అన్నారు. మాన్యువల్ అంతా మావాళ్లకు అర్థమయ్యే తెలుగులో నా చేత్తో పన్నెండు ప్రతులు, పడవకొకటి రాయమన్నారు. రామకోటి రాసినట్టు రాశాను. పదో ప్రతికి వచ్చేసరికి చూడకుండానే రాయగలననిపించింది. భయమేసి, అక్కడి నుంచి ప్రతి మాటా వేలు పెట్టి చదివి మరీ రాశాను.

ఒకసారి కేక వేసిన డబ్బాలకు బ్యాటరీలు మార్చాలి కాబట్టి అవి తిరిగి రావడానికి వారాలు పట్టింది. ఆ వారాలు నన్ను వేధించింది ఎవరనుకున్నారు? మా నాయనే. ‘ఎప్పుడొస్తాయంట?’ అని రోజూ ఫోను. అవి వచ్చాక గంగస్నానం మళ్లీ మొదటికొచ్చింది. స్నానం లేకుండా పడవ ఎక్కించడానికి ఊరు ఒప్పుకోదు, స్నానం చేయించడానికి నేను ఒప్పుకోను. ఇక్కడ కూడా అయితే మామే గట్టెక్కించాడు. ‘అయితే, పీటకి పొయ్యండి స్నానం. డబ్బాకి దూరం నించి దండం పెట్టుకుందాం.’ సారుకి ఫోన్ చేసి అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, ‘పీటకు నీళ్లు పోయరాదని మాన్యువల్‌లో లేదు’ అన్నారు. (నాకు తెలిసి ఆయన ఇచ్చిన ఆశీర్వాదం అదొక్కటే.) మా ఊళ్లో ఈ రోజుకీ అదే పద్ధతి.

నాయన పడవకి డబ్బా బిగించి పరీక్ష బటన్ నొక్కినప్పుడు అమ్మ పక్కనే ఉంది. ‘పచ్చగా ఎలిగి ఆరిపోయింది, ఇంతేనా?’ అంది. ఇంతేనమ్మా అన్నాను. ఆమె ఇసుక వైపు చూస్తూ, ‘నేనింక మధ్యాన్నం తింటే అమ్మవారికి కోపమొస్తాదంటావా?’ అని అడిగింది. పుస్తకంలో లేని ప్రశ్న ఇది రెండోది. ఈసారి వెతుక్కోలేదు. ‘పిలిచేదానికి గొంతు ఇచ్చింది, వినేదానికి మనుషుల్ని పెట్టింది, అంతా ఆ తల్లే కదమ్మా. నువ్వు తింటే ఆమెకెందుకు కోపం?’ అన్నాను. మరునాడు మధ్యాహ్నం, నాయన ఇంకా సముద్రం మీద ఉండగానే, అమ్మ పులుసన్నం కలుపుకుంది. మొదటి ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు ఆగింది. తర్వాత తింది. నేను అక్కడ ఉంటే ఏడ్చేస్తానని భయపడి, పీటలు లెక్కపెట్టుకొస్తానని చెప్పి బయటికి వెళ్లిపోయాను. లెక్కపెట్టడానికి పీటలేమీ లేవు.

ఇప్పుడు నేనే కొత్తవాళ్లకు నేర్పుతున్నాను. నా వెనక వాళ్లు నన్ను తీర్థం సారు అనుకుంటారని తెలుసు, తెలియనట్టుంటాను. మాన్యువల్ చేతికిచ్చి, ‘చదివినావా?’ అనను, ‘ఏం అర్థమైందో చెప్పు’ అంటాను. నెలకొకసారి మా ఊరి డబ్బాల పరీక్ష మాత్రం ఎవరికీ వదలను. అది అయ్యాక అమ్మకు ఫోన్ చేస్తాను. ‘పలికిందా?’ అంటుంది. ‘పలికిందమ్మా’ అంటాను. ‘అయితే నేను తింటా’ అని పెట్టేస్తుంది. మా ఊరి మాటల్లో అయితే మామ అంతగా కలిసిపోయాడు.

ఒక్కటే లోపం మిగిలింది. పరీక్ష బటన్ మీద వేలు పెట్టగానే నా పెదాలు నామం అందుకుంటాయి, కళ్లు వాటంతట అవే మూసుకుపోతాయి. పచ్చలైటును కళ్లతో చూసి నిర్ధారించుకోవలెనని మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది, పన్నెండుసార్లు నా చేత్తోనే రాశాను. అయినా ఇన్నేళ్లలో నాయన పడవ డబ్బా వెలగడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకుంటున్న కొత్తమ్మాయి భుజం తట్టి చెబుతుంది: ‘వెలిగింది సార్. ఇంక కళ్లు తెరవండి.’